వ్యూహ మనఁగా నేమి?



నేఁడు నేను ముచ్చటింపఁదలఁచినది ఒక్క మాటను గూర్చి మాత్రమే. ఆ మాట 'వ్యూహము'. దానిని విననివారు మీలో లేరు. వార్తాపత్రిక విప్పినచో ఎన్నికల వ్యూహ మందురు, వ్యాపారవ్యూహ మందురు. పల్లెలో నొకఁడు పొరుగువానితో నాలుగు దినములు మాటలాడక యూరకున్నచో 'వాఁడేదో వ్యూహము పన్నుచున్నాఁ' డందురు. ఇట్లు దినదినమును వాడుచున్న యీ మాటకు సరియైన యర్థము నాకుఁ దెలియదని నాకే తెలియవచ్చిన దొక రాత్రి, నెల్లూరు జిల్లా పడమటి భాగమున, పెన్నకు దక్షిణముగా నున్న కలువాయిలో.

అచ్చటి రామమందిరమున నేను కొన్నాళ్లు భారతము చదివి యర్థము చెప్పితిని. నెల్లూరిసీమలో తిక్కన భారతము చదువుట యనఁగా పుట్టినింటి వసారాలోఁ గూర్చుండి యింటిముచ్చటలు చెప్పికొనుట వంటిది. ఆ మహానుభావుఁడు పదమూఁడవ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున నెల్లూరనే యుండి, విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తెనిఁగించినవాఁడు గదా. ఆ రాత్రి ద్రోణపర్వములో అభిమన్యుఁడు పడిన ఘట్టము ముగిసెను. స్త్రీలు కన్నులొత్తుకొనుచుండిరి. నేను పుస్తకము మూయఁబోవునంతలో, జన్మమంతయు గొఱ్ఱెల మందలు కాచి నెఱసిన పెద్ద యొకఁడు వెనుకవరుస నుండి లేచెను.

"అయ్యవారూ, ఒక మాట అడగతా. లోపలికి పోయిన దోవ వెనక్కి రాదా?" అనెను.

నేను చిఱునవ్వు నవ్వి, అందఱును చెప్పు సమాధానమే చెప్పితిని: 'అభిమన్యునకుఁ బద్మవ్యూహమున ప్రవేశము తెలియును గాని నిర్గమము తెలియదు, విద్య సగమే యబ్బినది' అని. ఆయనకుఁ దృప్తి కలుగలేదు.

"కొండలోకి మంద తోలకపోయిన దోవనే మళ్లా తోలుకొస్తాము. పోను తెలిసినోడికి రాను తెలీకపోడమేంది? సరే, తెలీదనే అనుకుందాం. తెలీదని ఆ బిడ్డ ముందే చెప్పినాడని మీరే చదివితిరి గదా. చెప్పినాక కూడా పంపినోళ్ల మాటేంది?"

సభ యంతయు నిశ్శబ్దమయ్యెను. నాకు బదులు తోఁపలేదు. 'ప్రొద్దుపోయినది, రేపు చూత' మని చెప్పి తప్పించుకొంటిని. ఆ ప్రశ్న వెనుక నొక సంగతి యున్నదని మఱునాఁడు తెలిసినది. ఆయనది కలువాయికిఁ జేరువ నొక చిన్న పల్లె. దాని పేరు చెప్పను. అంతకు మున్ను కొన్నినెలల క్రిందట ఆ పల్లెకును ఎగువ నున్న మఱియొక యూరికిని చెఱువు తూము నీళ్ల తగవు వచ్చెనఁట. పెద్దలందఱు నాలోచించి, పట్టణమునఁ జదివివచ్చిన కుఱ్ఱవాని నొకనిని, అనఁగా నీ ముసలాయన తమ్ముని కొడుకును, 'నీవు ముందు పోయి మాటలాడుచుండుము, మేము వెనుకనే వచ్చెద' మని పంపిరఁట. ఒక్కఁడును పోలేదు. వాఁ డొంటరిగఁ జిక్కి, వారు చెప్పిన కాగితముపై వ్రాలు చేసి వచ్చెను. వచ్చిన పిమ్మట సొంతయూరివారే 'చదువుకొన్నాఁడన్న మాటే గాని మాటలాడుట చేతఁగాలే' దని యెత్తిపొడిచిరి. వాఁడు నెల్లూరు చేరి యొక దుకాణములోఁ బనికిఁ గుదిరెను. ఊరి మొగము చూచుట లేదు.

కనుక ముసలాయన యడిగినది యభిమన్యుని గూర్చి మాత్రమే కాదు. ఆ ప్రశ్నకు బదులు వెదకుచు నేను కూడఁబెట్టుకొన్నదే యీ ప్రసంగము.

మొదట మాట పుట్టుక. 'ఊహ' యనఁగా ఆలోచన యని మన మెఱుఁగుదుము గనుక వ్యూహ మనఁగా గొప్ప ఆలోచన, లోతైన యెత్తు అని మనకుఁ దోఁచుచుండును. అది సరికాదు. వ్యూహమందలి ధాతువునకు త్రోయుట, జరుపుట యని యర్థము. దానికి 'వి' చేరఁగా వేఱువేఱుగ జరిపి యమర్చుట యయ్యెను. కుప్పగా నున్నదానిని విడఁదీసి, దేనిచోట దానిని నిలిపి, ఒకదాని కొకటి సంబంధించి యుండునట్లు చేయుట వ్యూహము. విశాలమైన ఱొమ్ము గలవానిని 'వ్యూఢోరస్కుఁ' డందురు. అందును ఈ ధాతువే యున్నది. భగవద్గీత మొదటి యధ్యాయమున దుర్యోధనుఁడు పాండవసేనను జూచి ద్రోణునికడకుఁ బోవు చోట నీ 'వ్యూఢ' శబ్దము వెంట వెంటనే రెండుమార్లు వచ్చును. పాంచరాత్రమున వాసుదేవ సంకర్షణ ప్రద్యుమ్నానిరుద్ధులను చతుర్వ్యూహ మనుటయు నిట్టిదే. అందు కుట్రయు లేదు, యుద్ధమును లేదు, ఒక్క తత్త్వమే నాలుగు స్థానములఁ దీరియుండుట గలదు.

మఱి యీ మాటకుఁ గుట్ర యను వాసన యెట్లు పట్టెను? నా తలఁపున నది మన తెనుఁగు క్రియవలన వచ్చినది. వ్యూహమును మనము 'పన్నుదుము'. పన్నుట యనఁగా సిద్ధముచేయుట, అమర్చుట. అయితే వలయుఁ బన్నుదుము, ఉచ్చుఁ బన్నుదుము. వలతోడను ఉచ్చుతోడను ఒకే క్రియను పంచుకొన్న పాపమునకు వ్యూహము కూడ మోసగాండ్ర సొత్తయిపోయినది.

సేన యొక్క లెక్క వేఱు, వ్యూహము వేఱు. ఈ రెంటిని గలిపి చెప్పువారు పలువురు గలరు. అక్షౌహిణి యనునది లెక్క. ఒక యేనుఁగు, ఒక రథము, మూఁడు గుఱ్ఱములు, ఐదుగురు కాలిబంట్లు చేరిన 'పత్తి'. అది మూఁడేసి రెట్లుగాఁ బెరుగుచుఁ బోయి, తుద కొక్కసారి పది రెట్లయి అక్షౌహిణి యగును: ఏనుఁగులు 21,870, రథములు నన్నియే, గుఱ్ఱములు 65,610, కాలిబంట్లు 1,09,350. కౌరవులకుఁ బదునొకండు, పాండవుల కేడు. లెక్కయే గెలిపించునదైనచో భారతయుద్ధము మొదటినాఁడే ముగియవలసినది. అందులకే యుద్ధారంభమున ధర్మరాజు అర్జునునిఁ బిలిచి, మన సేన చిన్నది, చిన్నసేనను దట్టముగాఁ గూర్చి నిలుపవలెనని బృహస్పతి చెప్పియున్నాఁడు, పెద్దసేనను వలసినంత విప్పి నిలుపవచ్చును, ఇపుడు మన మేమి చేయుద మని యడుగును. అర్జునుఁడు వజ్రవ్యూహముఁ గూర్చును. వ్యూహము యొక్క ప్రయోజన మంతయు నీ ప్రశ్నలోనే యున్నది.

శాస్త్రమున నిది యెట్లు చెప్పఁబడినది? కౌటిల్యుని యర్థశాస్త్రము చిరకాలము పేరుమాత్రమునకే తెలిసియుండఁగా, మైసూరు ప్రాచ్యపుస్తకశాలకు 1905వ సంవత్సరమునఁ దాళపత్రప్రతి యొకటి చేరెను. శామశాస్త్రిగారు దానిని పరిష్కరించి 1909లో నచ్చొత్తించిరి. అందు పదియవ యధికరణము యుద్ధమును గూర్చినది. చదివినపుడు నా కాశ్చర్యము గలిగించినది అందలి కొలతలు. కాలిబంటుకును కాలిబంటుకును నడుమఁ బదునాలుగంగుళము లెడముండవలెను; గుఱ్ఱముల కంతకు మూఁడు రెట్లు, రథములకు నాలుగు రెట్లు, ఏనుఁగులకు దానికి రెట్టింపో మూఁడింతలో. గుఱ్ఱమున కెదురు ముగ్గురు భటులు, ఏనుఁగునకు గాని రథమునకు గాని పదునేవురు భటులు, లేక యైదు గుఱ్ఱములు. నారుమడి పోసి వరుసలు చూచి నాటు రైతు మాటలాడినట్లే యుండును. మంత్రము లేదు, మాయ లేదు. ఎడము లెక్క, ఎదురు లెక్క.

ఇఁక నంగములు. వ్యూహమును కౌటిల్యుఁడు పక్షి శరీరము వలె, మనుష్యశరీరము వలె విభజించును. నడిమి ముందుభాగము ఉరస్యము, అనఁగా ఱొమ్ము. దాని కిరుప్రక్కల కక్షములు, అనఁగా చంకలు. వానికి వెలుపల పక్షములు, అనఁగా ఱెక్కలు. వెనుక నున్నది ప్రతిగ్రహము. దండము, భోగము, మండలము, అసంహతము అని వ్యూహములు నాలుగు జాతులు. కఱ్ఱ యడ్డముగాఁ బెట్టినట్లున్నది దండము. పామువలె నొకదానివెనుక నొకటి సాగునది భోగము. నలుదెసల మొగము గలది మండలము. విడివిడిగా నిలిచినది యసంహతము. తక్కిన పేరులన్నియు వీని బిడ్డలే గనుక వాని నేకరువు పెట్టను.

ఇచ్చట నొక చిన్న వివాదము గలదు. నా కెంతో యుపయోగించినది. వ్యూహమున కంగము లెన్ని యని శుక్రాచార్యునికిని బృహస్పతికిని మతభేదము. శుక్రునకు కక్షములు లేవు. పక్షములు, ఉరస్యము, ప్రతిగ్రహము చాలును. బృహస్పతి కక్షములను జేర్చెను. దైత్యగురువును దేవగురువును చంకలు గలవా లేవా యని వాదించుకొనిరి గాని ప్రతిగ్రహము లేని వ్యూహమును ఇరువురిలో నొక్కఁడును ఒప్పుకొనలేదు. కౌటిల్యుఁ డింకను ముందునకుఁ బోయి, రాజు రెండువందల ధనువుల దూరమున, అనఁగా మన లెక్కకు నాలుగైదు వందల గజముల వెనుక, ప్రతిగ్రహముతో నిలువవలెననియు, విఱిగినవారిని మరలఁ గూర్చునది యదియే గనుక ప్రతిగ్రహము లేక యుద్ధమే చేయరాదనియు శాసించెను.

ఈ ప్రతిగ్రహమునకుఁ దెనుఁగేమి? వెదకఁగా వెదకఁగా మన యింటిలోనే దొరకినది: వెన్నుదన్ను. ముందు నిలిచినవాఁడు ఒరిగినపుడు వాని వీఁపునకుఁ దగులునది. నేఁటి సేనలలో దానినే రిజర్వు దళ మందురు. పూర్వపు రోమకులు సేనను మూఁడు వరుసలుగఁ దీర్చి, అన్నిటికంటె ముదుసలులైన యోధులను మూఁడవ వరుసలో నుంచెడివారు. పడుచువారు ముందు, పెద్దలు వెనుక. ఈ యేర్పాటును మీరు మనసున నుంచుకొనుఁడు.

తెనుఁగున సేన ముందుభాగమునకు 'మొన' యని పేరు. మొనను నిలిచి పోరువాఁడు మొనగాఁడు. ఈనాఁడు మనము గట్టివానిని, గొప్పవానిని మొనగాఁ డనుచున్నామన్నచో అది యుద్ధభూమినుండి వచ్చిన బిరుదము. ముందు నిలిచినవాని కిట్టి బిరుద మిచ్చిన మన భాష వెనుక నిలిచినవానికి నా కెఱిఁగినంతలో నేమియు నీయలేదు. పొగడ్త యంతయు మొనకే పోయినది.

ఇప్పుడు భారతములోనికి వత్తము. భీష్ముఁడు పదిదినములు, ద్రోణుఁడు ఐదుదినములు సేనాపతులు. దినదినమును క్రొత్తవ్యూహము. మూఁడవనాఁడు భీష్ముఁడు గరుడవ్యూహముఁ దీర్చి తాను ముక్కున నిలిచెను. ద్రోణుఁడును కృతవర్మయు కన్నులు. దుర్యోధనుఁడు తమ్ములతో వీఁపున. దాని కెదురు పాండవులు అర్ధచంద్రముఁ దీర్చి, కుడికొమ్మున భీముని, ఎడమకొమ్మున అర్జునుని నిలిపిరి. ముందునకు ముక్కు చాచి దూసికొని వచ్చు పక్షిని రెండు కొమ్ములనడుమఁ బట్టవలెనని యెత్తు. ఐదవనాఁడు కౌరవులది మకరము, పాండవులది డేగ. ఇట్లు ఆకారముల కాకారములు జవాబులు. చిన్నతనమున నేనివి పేరులే యనుకొంటిని. కొలతలు చదివిన తరువాత ఒక్కొక్క పేరును ఒక్కొక్క ప్రశ్నకు జవాబుగాఁ గానవచ్చినది.

పదమూఁడవనాఁటి కథ. అర్జునుని సంశప్తకులు దక్షిణదిక్కునకుఁ బిలిచికొని పోయిరి. ఇచ్చట ద్రోణుఁడు పన్నిన దానిని వ్యాసుఁడు చక్రవ్యూహ మనెను. తెనుఁగువారి నోట నది పద్మవ్యూహమై నిలిచినది. మన నాటకములలో, తోలుబొమ్మలాటలలో, కాళ్లకూరి నారాయణరావుగారి నాటకముపేరునఁ గూడ పద్మవ్యూహమే. అది యేడుచుట్ల కోట యనియు, లోనికిఁ దిరుగుడుదారి గలదనియు మనము నమ్ముదుము. హళేబీడు హొయ్సళేశ్వరాలయపు గోడమీఁదను శిల్పి యట్లే చెక్కినాఁడు: చుట్టలు చుట్టుకొన్న బాట, నడుమఁ జిక్కిన బాలుఁడు. శిల్పి తప్పుచేసె ననను. ఱాతిలో మనుష్యులను కదల్పలేఁడు గనుక వాఁడు గోడలు చెక్కెను. కాని రణభూమిలో గోడలు లేవు. అవి మనుష్యులు, గుఱ్ఱములు, రథములు, కదలుచున్నవి.

ముసలాయన ప్రశ్నకు మొదటి బదు లిదియే. మంద పోయిన దోవ కొండలో నిలిచియుండును, ఏలయన నది నేలమీఁదిది. అభిమన్యుఁడు పోయిన త్రోవ నేలమీఁదిది కాదు. ఇద్దఱు శత్రువులనడుమఁ బుట్టిన సందు. గడ్డపాఱతో పొడిచిన నీటిలో సందెంతసేపు నిలుచును? గడ్డపాఱ యుండునంతసేపే. వెనుకనే యింకొకఁడు వచ్చి యా సందులో నిలిచినచో నది దారి యగును, రాకున్నచో మూసికొనును. లోనికిఁ బోవుట యొక్కఁడు చేయఁదగిన పని. దారిని దారిగా నిలుపుట యొక్కనివలనఁ గాదు.

రెండవ ప్రశ్న, పంపినవారి మాట. వ్యాసభారతమున నున్నది యున్నట్లు చెప్పెదను. ఈ వ్యూహమును భేదింపఁగలవారు అర్జునుఁడు, కృష్ణుఁడు, ప్రద్యుమ్నుఁడు, నీవు. ఐదవవాఁడు లేఁడని ధర్మరాజు అభిమన్యునితో ననును. అభిమన్యుఁడు దాఁపఱికము లేక చెప్పెను: లోనికిఁ జొచ్చుట నా తండ్రి నాకుఁ జెప్పెను, ఆపద వచ్చినచో వెలికి వచ్చుట నావలనఁ గాదు అని. తల్లికడుపులో నుండి సగము వినెననియు సుభద్ర నిదురపోయె ననియు మనము చెప్పుకొను కథ యీ ఘట్టమున లేదు. చక్కని కథయే, కాని యా కథవలన నొక యపకారము జరిగినది. తప్పంతయు నిదురపోయిన తల్లిమీఁదను, సగము విన్న బిడ్డమీఁదను పడినది. పెద్దలు తప్పించుకొనిరి. మూలమునందు ధర్మరాజు బదులు స్పష్టముగా నున్నది: నీవు వాకిలి తెఱువుము, నీ వేదారిని పోయెదవో ఆ దారినే నీవెంట మేము వత్తుము అని. భీముఁడు తానును ధృష్టద్యుమ్నసాత్యకులును వెనుకనే వత్తుమని మాట యిచ్చెను. రథము తోలు సారథి మాత్రము, ఇది నీ వయసునకు మించిన బరువు, ఆలోచింపు మని హెచ్చరించెను. ఆ సభలో నా బాలుని ప్రాణమును గూర్చి మాటలాడినవాఁడు సారథి యొక్కఁడే యని నాకుఁ దోఁచును.

అభిమన్యుఁడు వాకిలి తెఱచెను. అనఁగా తన పని తాను చేసెను. వెనుక వచ్చుచున్న పాండవులను సైంధవుఁడు నిలిపెను. ద్రౌపది నెత్తుకొని పోయి భీమునిచేతఁ బరాభవముపొంది, ఆ కసితోఁ దపముచేసి, అర్జునుఁడు దక్కఁ దక్కిన పాండవుల నొక్కదినము నిలుపఁగల వరము తెచ్చుకొన్నవాఁడు. ఉరస్యము లోనికిఁ బోయినది. ప్రతిగ్రహము వెలుపలఁ జిక్కినది. పిదప ద్రోణ, కర్ణ, కృప, కృతవర్మ, అశ్వత్థామ, బృహద్బలులు చుట్టుముట్టుటయు, వారిలో బృహద్బలుని యా బాలుఁడే చంపుటయు, విల్లు విఱిగి, గుఱ్ఱములు చచ్చి, తుదకు దుశ్శాసనుని కొడుకు గదతోఁ గొట్టుటయు మీరెఱిఁగినదే. అధర్మము జరిగినది నిజము. కాని యా యధర్మమున కెడ మిచ్చినది వెనుక మూసికొన్న వాకిలి.

ఈ మాట నేను కల్పించి ధర్మరాజుమీఁద మోపుట లేదు. ఆ సాయంకాల మర్జునుఁడు మరలివచ్చి యన్నదమ్ముల నడిగిన ప్రశ్న యిదియే. నా కుమారుని మీరు కాపాడలేరని తెలిసియుండినచో నేనే కాపాడుకొందునే యని యేడ్చెను. మీ కవచములును ఆయుధములును అలంకారములా యని యడిగెను. ఒక వీరుఁడు తోడఁబుట్టినవారి నింతమాట యన్న చోటిది. మనము పురాణము చెప్పునపుడు సైంధవవధ శపథమునకుఁ ద్వరపడి యీ చోటును గబగబ దాఁటిపోదుము. నేనును అట్లే దాఁటితిని.

మఱునాఁటి యుద్ధమును చూచినచో ధర్మరాజునకుఁ దన తప్పు తెలిసినదని నా నమ్మకము. ద్రోణుఁడు సైంధవుని దాఁచుటకై పండ్రెండు గవ్యూతుల పొడవున శకటవ్యూహముఁ దీర్చి, దాని వెనుకఁ బద్మమును, పద్మములో సూచిని బన్నెను. అర్జునుఁడు దానిలోఁ జొచ్చిపోయెను. చాలసేపటికి పాంచజన్యధ్వని వినవచ్చినది గాని గాండీవధ్వని వినరాలేదు. ధర్మరాజు కలవరపడెను. తన్నుఁ గాపాడుటకై యర్జునుఁడు నిలిపిపోయిన సాత్యకినే పిలిచి, నీవు పొమ్మనెను. నిన్ను విడిచిపోఁగూడదని యర్జునుఁడు చెప్పెనని సాత్యకి వాదించినను వినలేదు. సాత్యకి పోయిన తరువాతను మనసు నిలువక భీముని గూడఁ బంపెను. అంతటి సేనాపతి ద్రోణుఁ డెదుట నుండఁగాఁ దన కాపుదలయంతయు నూడఁదీసి ముందుపోయినవాని వెన్నునకుఁ బంపుట సాహసమే. ముందటిదినము మాట యిచ్చి పోలేకపోయినవాఁడు గనుకనే యది చేసెనని తలఁచెదను. అర్జునుఁడు బ్రదికివచ్చెను.

పురాణమే గాక చరిత్రయు నిట్లే చెప్పునా యని మీలో నెవరైన నడుగవచ్చును. కలువాయినుండి ఉత్తరముగాఁ బోయి పెన్న దాఁటి సాగినచో 3,079 అడుగుల యెత్తున ఉదయగిరి దుర్గ మున్నది. కృష్ణదేవరాయలు 1513-1514 సంవత్సరములలో దానిని సుమారు ఏఁడాదిన్నర ముట్టడించి, బండలు పగులఁగొట్టించి త్రోవలు వేయించి, గజపతి పక్షపువారినుండి గైకొనెను. కొండకోట ముట్టడిలో వ్యూహమునకుఁ బని తక్కువ, ఓరిమికిఁ బని యెక్కువ. కాని యా రాయలే 1520లో రాయచూరికడ మైదానమున బిజాపురసుల్తానుతోఁ బోరినపుడు, ఫిరంగుల దెబ్బకు మొదటివరుస విఱిగి పాఱిపోయి వచ్చెను. రాయలు రెండవ వరుసలో నుండెను. గుఱ్ఱమెక్కి, విఱిగినవారిని మరలించి, వెనుకటిసేనను ముందునకు నడపి గెలిచెనని పోర్చుగీసు వర్తకుఁడు నూనిజ్ వ్రాసియుంచెను. విఱిగినవారిని మరలఁ గూర్చుటయే కౌటిల్యుఁడు ప్రతిగ్రహమునకుఁ జెప్పిన పని. రాయలు కౌటిల్యుని జదివెనో లేదో, పని మాత్రము అదియే చేసెను. నలువదియైదేండ్లకు, 1565లో, వృద్ధుఁడైన రామరాయలు తాను నడుమను తమ్ములు తిరుమల వేంకటాద్రు లిరుప్రక్కలను నిలిచి యుద్ధముచేసెను. నడుమ నున్నవాఁడు పట్టుపడి, తల తెగఁగానే అంతటి సేన చెదరిపోయెను. మరలఁ గూర్చువాఁడు లేకపోయెను.

మన నెల్లూరిసీమలోనే యొక కథ గలదు. పుల్లరి తగవులోఁ గాటమరాజుతోఁ బోరఁబోయి, సేన విఱుగఁగా నింటికి మరలివచ్చిన ఖడ్గతిక్కనను భార్యయుఁ దల్లియు నెగతాళిచేసి మరల యుద్ధమునకుఁ బంపిరనియు, ఆయన పోయి ప్రాణము లిచ్చె ననియు. ఆ యిల్లాండ్ర రోషమును పొగడనివారు లేరు. ఆయన వెనుక నెందఱు నిలిచిరని మాత్రము కథ చెప్పువారు చెప్పరు, వినువా రడుగరు.

ఊరిపేరుల సంగతి కూడ నొక మాట. ఆత్మకూరి ప్రక్కన నెల్లూరుపాళెము మొదలు జిల్లా యంతట పాళెములు గలవు. పాళెమనఁగా సేన విడిసినచోటు. ప్రతిపాళెమునను దండు దిగెనని చెప్పరాదు. పిదప నా మాట చిన్నయూరికి సామాన్యనామ మయ్యెను. అయినను పేరు సేనదే.

కొన్నినెలలకు మరల కలువాయికిఁ బోయినపుడు ముసలాయనను వెదకి పిలిపించి, మందిరపు టరుగుమీఁదఁ గూర్చుండఁబెట్టుకొని యీ సంగతులన్నియుఁ జెప్పితిని. ఆయన పదునాలుగంగుళముల లెక్క వినునపుడు వ్రేళ్లతోఁ గొలుచుకొనెను. నీటిలో గడ్డపాఱ పోలిక యాయనకు నచ్చలేదు. "మందలో కుక్క దూరినట్టంటే సరిపోతాది. కుక్క దూరిన సందు కుక్క ఎనకాలే మూసుకుంటాది" అని సరిదిద్దెను. నాదానికంటె నది మేలని యొప్పుకొంటిని. తరువాత, "మీరు ఎనక గబగబా దాటేస్తిరే, అర్జునుడు అన్నదమ్ముల్ని అడిగిన కాడ, అది ఈ రాత్రికి చదవండి అయ్యవారూ. మావోళ్లను నేను పిలుచుకొస్తా" ననెను.

ఆ రాత్రి నేను మఱేమియుఁ జదువలేదు. అర్జునుఁడు శిబిరమునకు మరలివచ్చుట మొదలు సోదరుల నడుగుటవఱకు చదివి, పద్యమునకుఁ బద్యము నిలిపి యర్థము చెప్పితిని. ఆ పల్లెపెద్దలు ఆఱుగురు ముందువరుసలోఁ గూర్చుండిరి. కవచముల మాట వచ్చినపుడు వారిలో నొకఁడు పైపంచె సవరించుకొని నేల చూచెను. ఎవ్వరును ప్రశ్న యడుగలేదు.

మఱునాఁడు తెల్లవాఱుజామున వారిలో ముగ్గురు నెల్లూరు బస్సెక్కిరని మందిరపు పూజారి చెప్పెను. ముసలాయన వారితోఁ బోలేదఁట; మందను విప్పుకొని కొండదిక్కునకుఁ బోయెనఁట.